పత్తి రైతుల నోటుబుక్కులు ఒకవైపు, ప్రొఫెసర్ ప్రమోషన్ ఒకవైపు

హనుమకొండలో ఉంటున్న ఒక అర్థశాస్త్ర అధ్యాపకుడు మాకు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు, పనిచేసే చోటు తీసేసి సారాంశం ఇక్కడ ఇస్తున్నాం.

ఆయనకు 44 ఏళ్లు. ఉత్తర తెలంగాణలోని ఒక విశ్వవిద్యాలయంలో అసోసియేట్ ప్రొఫెసర్. పరకాల వైపు పత్తి పండించే కుటుంబం. 1998లో ఆయన ఇంటర్ చదువుతుండగా మేనమామ అప్పుల బాధతో పురుగుమందు తాగి చనిపోయారు. తర్వాత అర్థశాస్త్రం చదివింది అందుకేనని, పత్తి రైతుల అప్పుల మీద పీహెచ్‌డీ చేసింది కూడా అందుకేనని రాశారు. 2013 నుంచి ప్రతి ఏడాదీ పత్తి అమ్మకాలు ముగిశాక రెండు ఊళ్లలో నూటికి పైగా కుటుంబాలను కలుస్తున్నారు. ఎంత అప్పు తెచ్చారు, ఎవరి దగ్గర, ఎంత మిత్తికి (వడ్డీకి), పత్తి ఎవరికి అమ్మారు, ఎంత ధర పడింది అని అడిగి రాసుకుంటున్నారు. దొరికినచోట వరంగల్ ఎనుమాముల మార్కెట్ తక్‌పట్టీల (అమ్మకం చీటీల) నకళ్లు కూడా తీసుకున్నారు. నోటుబుక్కులతో బీరువా నిండింది. వాటిలోంచి ఒక్క పేపరు కూడా బయటికి రాలేదు.

ఇప్పుడు ప్రొఫెసర్ ప్రమోషన్ దగ్గరపడింది. చేతిలో 7 పేపర్లున్నాయి, ఇంకో 3 కావాలి. జూనియర్ సహోద్యోగి ఒకరు షేర్ మార్కెట్, మారకపు రేట్ల లెక్కలు డౌన్‌లోడ్ చేసి చకచకా పేపర్లు రాస్తారట. "మీ పేరు కూడా పెడతా సార్, మీరేం చెయ్యనక్కర్లేదు" అన్నారట. విభాగంలో పెద్దలు "ఊళ్ల సర్వేలు ఇప్పుడెవరు చదువుతారు?" అంటున్నారు. స్కూల్ టీచరైన భార్య "ఇన్నేళ్ల ఆదివారాలన్నీ ఆ ఊళ్లకే పోయినయి, ఏం వచ్చింది?" అని అడుగుతున్నారు. వీటన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది పోయిన ఏడాది ఒక రైతు అన్న మాట: "సారూ, గిన్నేండ్ల సంది రాసుకపోతున్నరు, మా ముచ్చట యాడిదాక వచ్చింది?" రాద్దామని కూర్చున్న ప్రతిసారీ మామ గుర్తొచ్చి కలం ఆగిపోతోందని, "నా పరిశోధనను వదిలేయాలా, ప్రమోషన్‌ను వదిలేయాలా చెప్పండి" అని అడిగారు.

సార్,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చివర మీరు అడిగిన ప్రశ్నకూ, అంతకుముందు మీరు చెప్పిన సంగతులకూ పొత్తు కుదరడం లేదు. రెంటిలో ఏదో ఒకటి వదలాలని మీరే అనేసుకున్నారు. మీ దగ్గరున్నవాటిని బట్టి చూస్తే ఆ అవసరం నాకు కనబడలేదు. మీకున్న ఇబ్బందులు మూడు, మూడూ వేర్వేరు. ప్రమోషన్‌కు కావలసిన లెక్క ఒకటి, నోటుబుక్కులు పేపర్లు కాకపోవడం రెండోది, మామ సంగతి మూడోది. మూడూ ఒకేసారి మీదపడటంతో వాటికి ఒకే మందు ఉంటుందనుకుంటున్నారు.

లెక్కతో మొదలుపెడతాను, తొందరగా తేలిపోయేది అదే. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం అసోసియేట్ నుంచి ప్రొఫెసర్ కావాలంటే మొత్తం 10 పరిశోధన పేపర్లు ఉండాలి. వాటిలో 3 మదింపు కాలంలో, అంటే ప్రమోషన్‌కు లెక్కలోకి తీసుకునే ఏళ్లలో, అచ్చయినవై ఉండాలి. పేపర్లు, ప్రాజెక్టుల వంటివాటికి ఇచ్చే రీసెర్చ్ స్కోర్ 110 రావాలి, పీహెచ్‌డీ విద్యార్థికి మార్గదర్శనం చేసిన దాఖలా చూపాలి. మీ విద్యార్థి ఒకరికి ఇప్పటికే డిగ్రీ వచ్చిందని రాశారు కాబట్టి మిగిలింది 3 పేపర్లు. నిద్ర పట్టకుండా చేస్తున్నది ఈ మూడే అయితే, అది హద్దు ఉన్న పని. అది పూర్తిచేయడానికి పన్నెండేళ్లు అక్కర్లేదు. బీరువాలో ఉన్నదంతా అందులోకి రావాలనీ లేదు.

ఇప్పుడు నోటుబుక్కులు. మీకు సామగ్రికి కొదవ లేదు. దాన్ని ఒక ప్రశ్న అడగడమే ఇంకా జరగలేదు. "పత్తి రైతుల అప్పులు" అనేది ఒక విషయం మాత్రమే. విషయం పట్టుకుని పేపరు రాయబోతే ఎంత రాసినా ఇంకా ఏదో మిగిలిపోయినట్టే ఉంటుంది. చెరువు నిండా నీళ్లున్నా తూము తెరిస్తేనే కదా మడి తడిసేది.

మీ ఉత్తరంలోనే ఒక ప్రశ్న ఉంది, మీరు దాన్ని దాటి ముందుకు వెళ్లిపోయారు. మీరు కలిసే రైతుల్లో చాలామంది విత్తనాలకు, మందులకు అడ్తిదారు (మార్కెట్లో కమీషన్ వ్యాపారి) దగ్గరే డబ్బు తెచ్చుకుంటారనీ, పత్తి కూడా ఆయనకే వేయాలనీ రాశారు. అంటే మిత్తి రెండుచోట్ల ఉండే అవకాశముంది. కాగితం మీద నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు అని రాసింది ఒకటి. పత్తి ధరలో తగ్గించి తీసుకునేది ఇంకొకటి. అప్పు మార్కెట్, పంట మార్కెట్ ఇలా ఒకదానికొకటి ముడిపడితే ఏమవుతుందన్నది మన దేశపు అర్థశాస్త్రంలో పెద్ద చర్చే. 1973లో అర్థశాస్త్రవేత్త అమిత్ భాదురి పశ్చిమ బెంగాల్ గ్రామాల మీద రాసిన వ్యాసం, ఆ తర్వాత కృష్ణా భరద్వాజ్, ప్రణబ్ బర్ధన్ చేసిన పని మీకు నేను చెప్పక్కర్లేదు, మీరు క్లాసులో చెప్పేవే. ఈ ముడి వల్ల రైతుకు నష్టమా కాదా అని పరీక్షించడానికి కావలసినది మీ బీరువాలో ఉంది. ఒకే రోజు, ఒకే మార్కెట్లో, ఒకే రకం పత్తికి అడ్తి అప్పు ఉన్న రైతుకు పడిన ధర ఎంత, అప్పు లేని రైతుకు పడిన ధర ఎంత? ఆ రోజు జెండా పాటలో, అంటే మార్కెట్ వేలంలో, పలికిన ధరకు ఇద్దరూ ఎంత దూరంలో ఉన్నారు? తక్‌పట్టీలు కాపీ చేసుకున్నది మీకు తెలియకుండానే ఈ ప్రశ్న కోసమే అనిపిస్తోంది.

ఇందులో ఒక చిక్కు ఉంది, పేపరును పరిశీలించేవాళ్లు మొదట పట్టుకునేదీ అదే. అప్పున్న రైతు ఆగలేడు. మొదటి ఏరుడు పత్తిని సరిగా ఆరకముందే మార్కెట్‌కు తోలుతాడు. ధర తగ్గింది తేమ వల్లనా, అప్పు వల్లనా? సీసీఐ (భారత పత్తి సంస్థ) వాళ్లు 8 శాతం తేమకు పూర్తి మద్దతు ధర ఇచ్చి, ఆపైన 12 దాకా కోత పెట్టి, అది దాటితే వెనక్కి పంపుతారని రైతులందరికీ తెలుసు. ప్రైవేటు వ్యాపారి తేమను చేత్తో పట్టి చూసి చెబితే దానికి కాగితం ఉండదు. మీ పుస్తకాల్లో ఏ ఏరుడు పత్తో, ఏ తారీఖున అమ్మారో ఉంటే ఈ చిక్కును కొంతవరకు విప్పవచ్చు. ఉన్నాయో లేవో ముందు అది చూసుకోండి. లేకపోతే ఈ ఏటి నుంచి ఆ రెండు గడులు కలపండి.

ఇంకో ప్రశ్న మీ పుస్తకాల తారీఖుల్లోనే ఉంది. మీరు 2013లో మొదలుపెట్టారు. 2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు పెట్టుబడి సాయం పథకం మొదలై ఎకరానికి, పంటకు 4,000 రూపాయల చొప్పున పట్టాదారుకు అందింది. కౌలుదారుకు అందలేదు. మీ ఊళ్లలో కౌలు రైతులు చాలామందే ఉన్నారన్నారు. అయిదేళ్ల ముందు లెక్కలు, అయిదేళ్లకు పైగా తర్వాతి లెక్కలు, అవే కుటుంబాలవి, మీ చేతిలో ఉన్నాయి. పట్టాదారుకు పెట్టుబడి డబ్బు వచ్చాక అడ్తి అప్పు తగ్గిందా? కౌలు రేటు పెరిగిందా? పెరిగితే ఆ డబ్బు ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి వెళ్లినట్టు? డౌన్‌లోడ్ చేసిన ఏ లెక్కలూ ఈ సంగతి చెప్పలేవు. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయ్యేసరికి పత్తి మార్కెట్లో ఉంది, ఆ ఏడాది పుస్తకం ఒక్కటే తీసి చదివినా ఒక పేపరుకు సరిపడా సంగతులుంటాయి.

అవే కుటుంబాలను ఏళ్లకొద్దీ కలుస్తూ ఉండటం ఎంత విలువైనదో మీ విభాగంలో పెద్దలు గుర్తించలేదంటే నాకు బాధగా ఉంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో పాత మహబూబ్‌నగర్ జిల్లా ఊళ్లలో, మహారాష్ట్ర ఊళ్లలో మొదలుపెట్టిన గ్రామ అధ్యయనాలను ఇప్పటికీ ప్రపంచమంతా అర్థశాస్త్రవేత్తలు వాడుకుంటున్నారు. వాటికి అంత విలువ రావడానికి కారణం అవే గడపలకు మళ్లీ మళ్లీ వెళ్లడమే. దేశవ్యాప్త సర్వేలు చెప్పేది ఒక స్థాయిదాకానే. జాతీయ నమూనా సర్వే 77వ విడతలో, 2019లో, తెలంగాణ వ్యవసాయ కుటుంబాల్లో 91.7 శాతానికి అప్పు ఉందని తేలింది. దేశం మొత్తం మీద అది 50.2 శాతం. ఆ తేడా చూసి అందరూ అయ్యో అంటారు. దాని వెనక అడ్తిదారుకూ రైతుకూ మధ్య ఏం జరుగుతోందో మీ పుస్తకాలు చెబుతాయి.

ఇక మీ ముందున్న దారులు.

సహోద్యోగి పేపర్ల మీద మీ పేరు పెట్టించుకోవడం అన్నిటికన్నా దగ్గర దారి. మూడు పేపర్లు ఈ ఏడాదిలోనే అయిపోవచ్చు. కానీ రేపు ఇంటర్వ్యూలో ఎవరైనా ఆ మారకపు రేట్ల మోడల్ గురించి అడిగితే చెప్పలేరు. ఆ పేపర్లో తప్పు బయటపడితే ఇద్దరూ జవాబుదారులే. రేపటి రోజున ఆయన మీ దగ్గర ఏ సాయం కోరినా కాదనే వీలుండదు. మంచి పత్రికల పేర్లతో ఉండే యూజీసీ కేర్ జాబితాను 2025లో ఎత్తేశారు. ఏ పత్రిక మంచిది, ఏది డబ్బు తీసుకుని అచ్చేసేది అని చూసుకోవలసిన భారం ఇప్పుడు సంస్థల మీదా, రాసేవాళ్ల మీదా పడింది. పాత జాబితా చూపించి తప్పుకోవడం ఇక కుదరదు. ఇది తప్పుడు దారని నేను గట్టిగానే నమ్ముతున్నాను. మీ పీహెచ్‌డీ విద్యార్థులు మీరు చెప్పేదానికన్నా చేసేదాన్నే నేర్చుకుంటారు.

అయితే అదే సహోద్యోగితో ఇంకో రకంగా పనిచేయవచ్చు. ఆయనకు మోడల్స్ వచ్చు, మీకు ఊరు తెలుసు. రైతుబంధు ముందు, తర్వాత పోలికకు ఆయన నేర్చిన పద్ధతులు పనికొస్తాయి. ఇద్దరూ కూర్చుని, ఎవరు ఏ పని చేస్తారు, ఎవరి పేరు ముందుంటుంది అని ముందే కాగితం మీద రాసుకోండి. ఇబ్బంది ఏమిటంటే, మీ పన్నెండేళ్ల శ్రమను ఇంకొకరి చేతిలో పెట్టాలి. అది మనసుకు కష్టం. లెక్కలు ఆయన లాప్‌టాప్‌లోకి వెళ్లకముందే రైతుల పేర్లు, అడ్తిదారుల పేర్లు తీసేసి నంబర్లు ఇవ్వండి. చిన్న ఊళ్లలో "ఆరెకరాల కౌలుదారు, ఇద్దరు ఆడపిల్లలు" అంటే చాలు, ఎవరో తెలిసిపోతుంది. ఫలానా రైతు మాకు తక్కువ ధర పడిందని చెప్పాడని అడ్తిదారు చెవిన పడితే, వచ్చే జూన్‌లో విత్తనాలకు డబ్బు ఆగిపోయేది ఆ రైతుకే. మిమ్మల్ని నమ్మి నోరు విప్పినవాళ్లకు మీ పేపరు వల్ల కీడు జరగకూడదు. ఈ ఒక్క విషయంలో మాత్రం రాజీ వద్దు.

మూడో దారి, ఐసీఎస్‌ఎస్‌ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) పరిశోధన ప్రాజెక్టుకు దరఖాస్తు. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా ఆవరణలోనే ఉంది. వెళ్లి మాట్లాడవచ్చు. ప్రాజెక్టు వస్తే నోటుబుక్కులను కంప్యూటర్లోకి ఎక్కించడానికి ఇద్దరు కుర్రవాళ్లను పెట్టుకోవచ్చు, మీ స్కోర్‌కు కూడా కలిసొస్తుంది. కానీ మంజూరుకు కాలం పడుతుంది. బిల్లులు, వినియోగ పత్రాలు అన్నీ మీ నెత్తిన పడతాయి. ప్రమోషన్‌కు ఈ డబ్బు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఇంకో రెండేళ్లు గడిచిపోతాయి. అందుకని ప్రాజెక్టును మొదటి పేపరు తర్వాత మెట్టుగా పెట్టుకోవడం మేలని నాకనిపిస్తోంది.

జాతీయ నమూనా సర్వే కుటుంబాలవారీ లెక్కలు ఉచితంగానే దొరుకుతాయి. వాటిలోంచి తెలంగాణ కుటుంబాలను తీసి, సంస్థల అప్పు, ప్రైవేటు అప్పు వేరు చేసి ఒక పేపరు రాయడం కొన్ని నెలల పని. దాన్ని చిన్నచూపు చూడకండి. అది మీ ఊళ్ల కథకు వెనకతెర అవుతుంది, మీ లెక్కల్లో ఒకటి కూడా అవుతుంది.

ప్రమోషన్ సంగతే పక్కన పెట్టి, తీరిగ్గా పెద్ద పుస్తకం రాసుకోవడం కూడా ఒక దారే. మీకు అందులోనే తృప్తి ఉంటే ఎవరూ కాదనరు. జీతంలో తేడా వస్తుంది. మీకన్నా చిన్నవాళ్లు ముందుకు వెళ్తే చూడాలి. ఇంట్లో వాళ్లతో మాట్లాడకుండా తీసుకునే నిర్ణయం కాదిది. మీ ఆవిడ మాటను మీరు ఫిర్యాదుగా విన్నారు. నాకు అందులో న్యాయమైన ప్రశ్న వినిపించింది. ఆమె కూడా బడి పనీ, ఇంటి పనీ చూసుకుంటూ మీ ఆదివారాలు మీకు వదిలారు. వాటితో ఏం చేయబోతున్నారో, ఎప్పటిలోగానో ఆమెకు చెప్పాల్సిన బాధ్యత మీకుంది.

ఇక్కడ ఆచార్య కొత్తపల్లి జయశంకర్ గారిని తలుచుకోవాలి. ఆత్మకూరు మండలం అక్కంపేటలో 1934లో పుట్టి, ఉస్మానియాలో అర్థశాస్త్రంలో డాక్టరేట్ చేసి, వరంగల్ సీకేఎం కాలేజీకి ప్రిన్సిపాల్‌గా, 1991 నుంచి 1994 వరకు కాకతీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. ఇంత పెద్ద పదవులు చేసినా, జనం ఆయన్ని గుర్తుపెట్టుకున్నది నీళ్లు, నిధులు, ఉద్యోగాల లెక్కలను మామూలు మనిషికి అర్థమయ్యేలా విప్పి చెప్పినందుకు. పరకాల నుంచి మీరు వచ్చిన దారికి ఆయన ఊరు దూరం కాదు. ఉద్యోగం, అధ్యయనం, జనంతో మాట్లాడటం, మూడూ ఆయన జీవితంలో పక్కపక్కనే సాగాయి.

ఆ రైతు మిమ్మల్ని అడిగిన మాటకు పత్రికలో వచ్చే ఇంగ్లిష్ పేపరు జవాబు కాదు. తెలుగులో నాలుగు పేజీలు రాయండి. మీ ఊళ్లో ఇన్నేళ్లలో అప్పు ఎట్లా పెరిగింది, బ్యాంకు వాటా ఎంత, అడ్తి వాటా ఎంత, ధరలో తేడా ఎంత అన్నది పేర్లు లేకుండా రాసి, గ్రామ పంచాయతీ దగ్గర కూర్చుని చదివి వినిపించండి. ప్రమోషన్ లెక్కలో దానికి ఒక్క మార్కూ రాదు. కానీ వినేవాళ్లు మీ తప్పులు దిద్దుతారు. "గట్ల కాదు సారూ, ఆ యేడు వానలే పడలె" అని ఒకరంటే మీ పేపర్లో ఒక గడి సరిదిద్దుకున్నట్టే. పేపరు పంపకముందే ఈ పని జరిగితే మంచిది.

వీలైతే ఒకసారి మీ హనుమకొండ జిల్లాలోని ముల్కనూరు కూడా వెళ్లి రండి. అక్కడి సహకార గ్రామీణ బ్యాంకును 1956లో ఎ.కె. విశ్వనాథ రెడ్డి మొదలుపెట్టారు. అక్కడా అప్పు, ఎరువులు, పంట అమ్మకం ఒకే గొడుగు కింద ముడిపడి ఉంటాయి. తేడా ఒక్కటే, ఆ గొడుగు రైతులదే. అప్పూ పంటా ముడిపడటమే చెడ్డదా, ముడి ఎవరి చేతిలో ఉందన్నది ముఖ్యమా? మీ ఊళ్లనూ, ముల్కనూరు సభ్యుల ఊళ్లనూ పోల్చి చూడటం మీ విద్యార్థుల్లో ఒకరికి పీహెచ్‌డీకి సరిపడే పని. అంతా మీరొక్కరే చేయాలని ఎక్కడుంది?

చివరగా మామ గురించి. ఉత్తరంలో మీరు ఆయన గురించి రెండు వాక్యాలే రాశారు. పదిచోట్ల ఆయనే కనబడ్డారు. 1997-98లో లద్దె పురుగు, శనగపచ్చ పురుగు పత్తిని తినేశాయి. నకిలీ మందులు పనిచేయలేదు. అప్పు ఇచ్చినవాళ్లు ఇంటి ముందు నిలబడ్డారు. వరంగల్ జిల్లాలో ఎన్నో ఇళ్లలో అదే జరిగింది. మీ మామ ప్రాణాన్ని ఒక పట్టికలో ఒక అంకెగా మార్చేస్తానేమో అన్న భయం మీ కలాన్ని ఆపుతోందని నాకనిపిస్తోంది. ఇది నా ఊహ, కాకపోతే కాదనండి. ఆ భయం న్యాయమైనదే. అందుకు రెండు మార్గాలు తోస్తున్నాయి. మీ రెండు ఊళ్లలో ఒకటి మామ ఊరైతే, ఆ కుటుంబాన్ని లెక్కల్లోంచి తీసేసి, నాకు ఈ ఊరితో బంధుత్వం ఉందని పేపర్లో ఒక వాక్యం రాయండి. పరిశోధనలో అది గౌరవమైన పద్ధతి. చదివేవాళ్లకు మీ మీద నమ్మకం పెరుగుతుంది. రెండోది, మామ గురించి వేరుగా, లెక్కలు లేకుండా, మీ కోసం రాసుకోండి. అచ్చు వేయాలా వద్దా అన్నది తర్వాత. అత్తమ్మ ఇప్పటికీ ఆ రెండెకరాలు చేస్తున్నారని రాశారు. ఆమెను అడిగి రాయండి. ఆమె వద్దంటే అక్కడితో ఆపేయండి. ఆ దుఃఖం మిమ్మల్ని రాత్రుళ్లు కూడా ఇబ్బంది పెడుతుంటే ఒక మానసిక వైద్యుణ్ణి కలవడానికి వెనకాడకండి. పన్నెండేళ్లు అటువంటి ఇళ్లలో కూర్చుని అప్పుల కథలు విన్న మనిషికి అది అవసరం పడటంలో వింత లేదు.

ఇందులో ఏది ముందు, ఏది వెనక అన్నది మీకే బాగా తెలుస్తుంది. పత్తి ఏరుడు మొదలయ్యేలోపు పుస్తకాల్లో తారీఖులు, ఏరుళ్లు ఉన్నాయో లేవో చూసుకుంటే మొదటి ప్రశ్న నిలుస్తుందో లేదో తేలుతుంది. సహోద్యోగికి మాత్రం ఈ వారంలోనే జవాబు చెప్పండి. పేపరు పంపాక పేరు తీయించడం కన్నా, పంపకముందే వద్దనడం ఇద్దరికీ తేలిక. ఆయన్ని కూర్చోబెట్టి 2018 పుస్తకం ఒకటి చూపించండి. ఆసక్తి ఉందంటే కలిసి పని మొదలుపెట్టవచ్చు. లేదంటే జాతీయ సర్వే పేపరుతో మీరొక్కరే మొదలుపెట్టవచ్చు.